అమ్మేదీ మీరే, అదిలించేదీ మీరేనా?

‘మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నావా? తాగుడు మానేశావా?’ హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ బల్ల ముందు కూర్చున్న మనిషికి ఎదురయ్యేవి ప్రధానంగా ఈ రెండు ప్రశ్నలే. రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరైనా పలకరిస్తున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు. బయట వరుస వరండా దాటి ఉంటుంది. సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, రిజిస్టరులో అంకె వేసి, తర్వాతి వారిని పిలవడంతోనే పూట గడిచిపోతుంది. తప్పు ఆ కౌన్సెలర్లది కాదు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతాలతో నెట్టుకొస్తున్న వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. తప్పు, తాగుడును రోగి దుర్గుణంగా లెక్కగట్టి, అదే తాగుడును ఖజానాకు ఆదాయంగా లెక్కగట్టే ప్రభుత్వాలది.

2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. 2017 నుంచి, పరీక్షలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. గుప్పెడు మాత్రల రోజులు పోయి, రోజుకొక్క మాత్ర వచ్చింది. అది సక్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదన్నది ఇప్పుడు రుజువైన సత్యం. ఇదంతా సామాన్యమైన విజయం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3.2 లక్షల మంది, తెలంగాణలో లక్షన్నరకు పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వారిలో చాలామంది ప్రాణాలు ఈ మాత్ర వల్లే నిలిచాయి. అయితే ప్రాణం నిలబెట్టిన వ్యవస్థ, ఆ ప్రాణం ఎంత కుంగుబాటులో కొట్టుమిట్టాడుతోందో చూడటానికి మాత్రం నిరాకరిస్తోంది. మిగతా జనంతో పోలిస్తే వీరిలో కుంగుబాటు రెండు మూడు రెట్లు ఎక్కువని అధ్యయనాలు మొత్తుకుంటున్నాయి.

ఎందుకు ఉండదు? మాత్రల సీసా మీది కాగితాన్ని గోటితో గీకి తీసేస్తే గానీ దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లలేని బతుకులవి. సంచిలో గలగలమంటే పక్కసీటువాళ్లు ఏమిటని అడుగుతారని సీసాలో దూది కుక్కుకుని బస్సెక్కేవారున్నారు. సొంత ఊళ్లో కేంద్రం ఉన్నా, ఎవరైనా చూస్తారని జిల్లా దాటి పోయేవారున్నారు. భర్త ద్వారా సోకి, ఆ భర్త పోయాక ‘నువ్వే మింగేశావ్’ అని అత్తింటివారు వెళ్లగొట్టిన ఆడవాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో వేలల్లో ఉన్నారు. ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కును చట్టం వారికి ఇచ్చిందని చెప్పినవారు లేరు. తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లోకి వచ్చారు. హాస్టల్ గదిలో మాత్ర ఎక్కడ దాచాలో, ప్రేమించినవారికి ఎప్పుడు చెప్పాలో, పెళ్లిచూపుల మాట ఎత్తితే ఏమనాలో వాళ్లకు నేర్పేవారేరి? పిడియాట్రిక్ వార్డు గడప దాటించి పెద్దల వరుసలో నిలబెట్టేసి, పని అయిపోయిందనుకున్నాం. ఇంత భారం మోసే మనిషి సాయంత్రానికి ఒక క్వార్టర్‌తోనో, కల్లుతోనో, నిద్రమాత్రతోనో మనసును మొద్దుబార్చుకుంటే అందులో వింతేముంది?

ఆ తర్వాత జరిగేదాన్ని ఆరోగ్యశాఖ పెద్దలు కాస్త దగ్గరగా చూడాలి. ‘తాగితే మాత్ర పనిచేయదు, లివర్ పోతుంది’ అని కేంద్రంలో గట్టిగా కేకలేస్తారు. రోగి తలూపి ఇంటికొస్తాడు. తాగుడు ఆగదు. మరి ఏం ఆగుతుంది? మాత్ర! రెండూ కలిస్తే విషమవుతుందన్న భయంతో తాగిన రోజు మాత్ర మానేస్తాడు. పండగొస్తే మూడు రోజులు మానేస్తాడు. తాగుడు హాని ఎలాగూ ఉంది, దానికి తోడు వైరస్‌కు సందు దొరుకుతుంది, మందుకు లొంగని రూపం తెచ్చుకుంటుంది. తాగినా సరే వేళకు మాత్ర వేసుకో, తాగుడు సంగతి విడిగా చూద్దాం అని చెప్పాల్సిన చోట ఉత్త తిట్లే దక్కుతున్నాయి. తిట్లకు భయపడి నెలనెలా రావడమే మానేసిన వ్యక్తి పేరు రిజిస్టరులో ‘లాస్ట్ టు ఫాలోఅప్’ (తప్పిపోయినవారు) కింద చేరుతుంది. అతను ఎక్కడికీ తప్పిపోలేదు. మనం తరిమేశాం. క్షయకు మందులు వాడుతున్నవారైతే మరీ ప్రమాదం, ఆ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్‌కు మద్యం తోడైతే కాలేయం మీద దెబ్బ పడుతుంది. దీనికి తిట్లు వైద్యం కాదు, వ్యసన చికిత్స వైద్యం.

ఇప్పుడు అసలు ద్వంద్వనీతికి వద్దాం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటుకు అప్పగించింది. ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని రుసుము రూ.2 లక్షలు. పేదవాడికి ‘అందుబాటు ధర’ పేరిట రూ.99కే క్వార్టర్ సీసా తెచ్చింది. తెలంగాణ 2,620 దుకాణాల దరఖాస్తు రుసుమును 2025లో రూ.2 లక్షల నుంచి రూ.3 లక్షలకు పెంచింది. లాటరీలో దుకాణం దక్కనివారి సొమ్ము సైతం ఖజానాకే. ఒక్క సీసా అమ్మకముందే వేల కోట్లు! ఆ సొమ్ములో వ్యసన చికిత్సకు ఎంత, ఏఆర్‌టీ కేంద్రాల్లో మానసిక వైద్యానికి ఎంత అని అడిగితే జవాబు చెప్పే శాఖ లేదు. సీసాను రూ.99కి చేరువ చేసిన సర్కారే, ఆ సీసా తాగిన పాజిటివ్ వ్యక్తిని క్రమశిక్షణ లేని రోగి అంటోంది. పల్లె పల్లెకూ దుకాణం చేరవేయగలిగినవారికి, జిల్లాకొక మానసిక వైద్యుడిని ఏఆర్‌టీ గది దాకా నడిపించడం చేతకాదా?

వనరులు పరిమితమని, ఎవరి ఆరోగ్యానికి వారే బాధ్యులని, ఫోన్‌లో మానసిక సలహాలిచ్చే టెలిమానస్ వంటి సేవలు ఇప్పటికే ఉన్నాయని అధికారులు అంటారు. విన్నాం. ఆ మాటలోని ‘బాధ్యత’ ఎప్పుడూ రోగి వైపే వేలు చూపిస్తుంది, అమ్మేవాడి వైపు చూపించదు.

ఇక సేవల సంగతే చూడండి. హెచ్‌ఐవీ గురించి అడగాలంటే 1097. మనసు బాగోలేకపోతే 14416. వ్యసనం మానాలంటే 14446. మాదకద్రవ్యాల మీద ఫిర్యాదుకు 1933. ఈ నాలుగు అవస్థలూ ఉన్నది ఒకే ఒంట్లో. నాకో ఒక మూల, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మరో మూల, వ్యసన విముక్తి కేంద్రాలు సామాజిక న్యాయ శాఖ కింద, గంజాయి హోంశాఖ కింద. మనిషిని ముక్కలు చేసి శాఖలు పంచుకున్నాయి. విచిత్రమేమంటే చట్టాలు మాత్రం కవలల్లా పుట్టాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి, హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టానికి రెండింటికీ 2017 ఏప్రిల్‌లోనే రాష్ట్రపతి ఆమోదం లభించింది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మొదటి చట్టం మానసిక అనారోగ్యం కిందే చేర్చింది, సర్కారీ మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. రెండోది వివక్షను నేరుగా నిషేధించింది, ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలంది. అంటే, తాగుడుకు బానిసైన పాజిటివ్ వ్యక్తికి రెండు చట్టాల అండ ఉంది. ఆచరణలో రెండు తిరస్కారాలు ఎదురవుతున్నాయి.

తిరస్కారమంటే మాటవరసకు అంటున్నది కాదు. వ్యసన విముక్తి పేరిట నడిచే ప్రైవేటు కేంద్రాల్లో ముందు హెచ్‌ఐవీ పరీక్ష కాగితం తెమ్మనడం, పాజిటివ్ అని తేలితే పడకలు లేవనడం కొత్త సంగతేమీ కాదు. వైద్యం అందించడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. ఎంతమంది యజమానుల మీద కేసులు పెట్టారు? అసలు ఆ కేంద్రాల్లో ఎన్ని రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదయ్యాయి? వాటిని తనిఖీ చేయాల్సింది ఎవరు? మరోవైపు విశాఖ మానసిక ఆసుపత్రికో, ఎర్రగడ్డకో వెళ్లమంటే మనిషి బిగుసుకుపోతాడు. పాజిటివ్ అన్న ముద్ర చాలదన్నట్టు ‘పిచ్చి’ అన్న ముద్ర కూడానా అని. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దొరక్క వణుకుతూ, పలవరిస్తూ ఎర్రగడ్డకు జనం పోటెత్తిన దృశ్యం అందరూ చూశారు. వ్యసనం జబ్బేనని అంతకంటే రుజువేం కావాలి? దుకాణాలు తెరుచుకోగానే అందరూ ఆ పాఠం మరిచిపోయారు.

చేయడం అసాధ్యమా అంటే, నాకో తానే చేసి చూపింది. సూదులతో మాదకద్రవ్యాలు ఎక్కించుకునేవారికి వాటికి బదులుగా బుప్రినార్ఫిన్ అనే మందు ఇచ్చే ఓఎస్‌టీ కేంద్రాలను నడుపుతున్నది ఆ సంస్థే. వ్యసనానికి చికిత్స చేస్తేనే హెచ్‌ఐవీ ఆగుతుందని అక్కడ గ్రహించినవారికి మద్యం దగ్గరికొచ్చేసరికి ఆ గ్రహింపు ఏమైంది? సూది వెనక ఖజానా లేదు, సీసా వెనక ఉంది. అంతకు మించిన తేడా మాకు కనిపించడం లేదు.

ఏఆర్‌టీ కేంద్రాల మంజూరు పోస్టుల్లో వైద్యాధికారి, కౌన్సెలర్, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, డేటా మేనేజరు ఉన్నారు. మానసిక వైద్యుడు లేడు. లెక్కలు రాయడానికి ఒక మనిషి కావాలని తోచినవారికి, మనసు వినడానికి ఒక మనిషి కావాలని తోచలేదు. కొత్త పోస్టులు కుదరవంటే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉన్న వైద్యుణ్ని వారానికొక రోజు ఏఆర్‌టీ కేంద్రంలోనే కూర్చోబెట్టండి. ‘సైకియాట్రీ ఓపీకి పో’ అని చీటీ రాసిస్తే సగంమంది ఆ మెట్లెక్కరు. కుంగుబాటుకు ప్రాథమిక మందులు రాసేలా ఏఆర్‌టీ వైద్యాధికారులకు శిక్షణ ఇవ్వండి. మాత్రల లెక్కతో పాటు నిద్ర, నిరాశ, తాగుడు గురించి ప్రతి రాకలోనూ అడిగేంత వ్యవధి కౌన్సెలర్‌కు ఇవ్వండి, అందుకు మరో కౌన్సెలర్‌ను నియమించండి. ఖర్చు ఎక్కడిదని మళ్లీ అడగొద్దు. తిరిగివ్వని దరఖాస్తు రుసుములో చిన్న వాటా చాలు.

ఏటా డిసెంబరు 1న మంత్రులు ఎర్ర రిబ్బను గుచ్చుకుని, పిల్లల చేత ప్లకార్డులు పట్టించి, ‘దురలవాట్లకు దూరంగా ఉండండి’ అని హితవు చెప్పి వెళ్తున్నారు. ఆ సభాస్థలికి కూతవేటు దూరంలో వారి ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చిన దుకాణం తెరిచే ఉంటుంది. ఎక్సైజ్ ఆదాయం పెరిగిందని బడ్జెట్ ప్రసంగంలో గొప్పగా చదివిన నోటితో పాజిటివ్ వ్యక్తికి నీతులు చెప్పే హక్కు మీకెవరిచ్చారు? ఈసారి మైకు పట్టుకునే ముందు, మీ జిల్లాలో ఎన్ని ఏఆర్‌టీ కేంద్రాల్లో మానసిక వైద్యుడు కూర్చుంటున్నాడో ఆ అంకె చదవండి. అది సున్నా అయితే మైకు పక్కన పెట్టి, ముందు వైద్యుణ్ని పంపండి.