రైతు ‘బాగానే ఉందండి’ అన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు

పొలంలోకి దిగకుండా గట్టు మీద ఫొటో తీసుకొని వచ్చేయడాన్ని మా రంగంలో ఇప్పుడు ‘ఫీల్డ్ విజిట్’ అంటున్నారు. పదిహేనేళ్లకు పైగా గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో పురుగుమందుల అమ్మకాల్లో పనిచేసినవాడిగా ఇది కొంత కోపంతోనే రాస్తున్నాను. బ్యానరు పట్టుకున్న నలుగురు రైతులు, వారి మధ్య మందు డబ్బా ఎత్తి చూపిస్తున్న మా కుర్రవాడు, ఫొటో కింద తేదీ, సమయం, ఊరి పేరు. ఇలాంటివి రోజుకు ఇన్నని యాప్‌లో ఎక్కించాలి. ఆ నలుగురు ఏమన్నారో రాయడానికి ఒకే ఒక్క గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసినా అడిగేవారు లేరు.

కొన్నేళ్ల క్రితం నేను అప్పట్లో పనిచేసిన కంపెనీ మిరప రైతుల అవసరాలు తెలుసుకోవాలని ఒక సర్వే చేయించింది. రైతులు దొరికే చోటు కాబట్టి మందుల షాపుల్లోనే కూర్చొని ప్రశ్నలు అడిగాం. మందు నచ్చిందా అంటే అందరూ ‘బాగానే ఉందండి’ అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు పక్కనే కుర్చీలో డీలర్ గారు కూర్చొని ఉన్నారు. ఆ మందును ఇచ్చింది ఆయన, అప్పు మీద ఇచ్చింది ఆయన, వచ్చే వారం ఎరువు బస్తాలు ఇవ్వాల్సిందీ ఆయనే. అలాంటి మనిషి ఎదురుగా ఏ రైతు మాత్రం బాగాలేదని చెబుతాడు? మా నివేదికలో మాత్రం ఆ మర్యాద ‘వినియోగదారుల సంతృప్తి’ అనే పేరుతో నిలువు గీతల బొమ్మగా మారి, పైవాళ్లకు చూపించే స్లైడుల్లోకి ఎక్కింది.

అదే సీజన్‌లో ఒకరోజు తెల్లవారుజామున, ఎవరూ పంపకుండానే, ఒక తోటలో పిచికారీ జరుగుతుంటే వెళ్లి చూశాను. మందు కొడుతున్నది రైతు కాదు, కూలికి వచ్చిన మనిషి. దూరంగా ఉన్న కుంట నుంచి బిందెలతో నీళ్లు మోసి తెస్తున్నది ఇద్దరు ఆడవాళ్లు. మా సర్వేలో ఈ ముగ్గురినీ ఎవరూ పలకరించలేదు. లేబుల్ మీద మోతాదు హెక్టారు లెక్కన ఉంటుంది, 500 లీటర్ల నీటిలో 500 మిల్లీలీటర్లు అన్నట్టుగా. మన దగ్గర హెక్టారు అనే మాట కాగితం దాటి పొలంలోకి రాదు. అక్కడ లెక్క ఎకరాల్లో, అంతకన్నా ముఖ్యంగా ట్యాంకుల్లో నడుస్తుంది. ఆ హెక్టారు లెక్కను 16 లీటర్ల ట్యాంకుకు మార్చుకుంటే 16 మిల్లీలీటర్లు పోయాలి. దాన్ని కొలిచే సాధనం మేము ఇవ్వలేదు కాబట్టి ఆయన డబ్బా మూతతో కొలిచి, ట్యాంకుకు రెండు మూతల చొప్పున పోస్తున్నాడు. అన్ని కంపెనీల మూతలూ ఒక్క పరిమాణంలో ఉండవు కనుక, మందు మారినా రెండు మూతలు రెండు మూతలుగానే ఉంటాయి గానీ, ట్యాంకులో పడే మోతాదు మాత్రం మారిపోతుంది. పని చేయలేదని ఒక రైతు, ఆకు మాడిందని మరో రైతు ఒకే మందు గురించి ఎందుకు ఫిర్యాదు చేస్తారో నాకు ఆరోజు అర్థమైంది.

ఆఫీసులో దీనికి సిద్ధంగా ఉన్న పేరు ‘అవగాహన లోపం’. ఆ మాటంటే నాకు పరమ చిరాకు. హెక్టారును ఎకరాలుగా, ఎకరాలను ట్యాంకులుగా మార్చుకోవాల్సిన భారాన్ని తెల్లవారుజామున పది ట్యాంకులు మోసే కూలి మీద వేసి, లోపం కూడా ఆయనదే అనడం ఏ రకం మార్కెటింగో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ధర సంగతీ ఇంతే. ధర ఎక్కువగా ఉందా అని మేము అడుగుతాం. రైతు మనసులో ఉన్నది డబ్బా మీద ముద్రించిన ధర కాదు, కాయ కోసి యార్డులో అమ్మిన తర్వాత వడ్డీతో కలిపి తీర్చాల్సిన మొత్తం. మేము అడిగిన ప్రశ్నా, ఆయన ఇచ్చిన జవాబూ వేర్వేరు అంకెల గురించి. అమ్మకాల అంకెలైనా నిజం చెబుతాయా అంటే, 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు మా పట్టికల్లో అమ్మకాలు పెరిగాయి. పూత రాలిపోతుంటే దిక్కుతోచక మూడు నాలుగు మందులు కలిపి కొట్టిన రైతుల నిస్పృహను మేము గిరాకీగా రాసుకున్నాం.

పెద్ద కంపెనీలకు కూడా ఈ తప్పు కొత్తేమీ కాదు. 1994లో కెలాగ్స్ మన దేశానికి వచ్చినప్పుడు, చల్లని పాలలో కరకరలాడేలా చేసిన మొక్కజొన్న అటుకులను (కార్న్‌ఫ్లేక్స్) ఇక్కడివాళ్లు అలవాటు కొద్దీ వేడి పాలలో వేసుకుంటే అవి ముద్దయ్యాయి. ఏ వంటింట్లోనైనా ఒక్క ఉదయం నిలబడి ఉంటే కనిపించే సంగతి అది. దీనికి భిన్నంగా, 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ తాను తయారుచేసిన నిర్మా బట్టల పొడిని సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. పేరున్న పొడి కొనలేని ఇల్లాలు సబ్బుబిళ్లతో ఎలా నెట్టుకొస్తోందో అలా గుమ్మాల దగ్గర నిలబడినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

సర్వేలే వద్దని నేను అనడం లేదు. ఒక ఇబ్బంది ఎంతమందికి ఉందో తేల్చడానికి అవి కావాలి. కానీ ఆ ఇబ్బంది ఏమిటో ముందు కళ్లతో చూసి వచ్చినవాడే సరైన ప్రశ్న రాయగలడు, అలా చూడాలంటే ఆ రోజుకు అతని నెత్తిన అమ్మకాల టార్గెట్ ఉండకూడదు. టార్గెట్‌తో వెళ్లినవాడి చూపు రైతు పంట మీద కన్నా జేబు మీదే ఉంటుంది, రైతు కూడా ఆ సంగతి చిటికెలో పసిగట్టి ‘బాగానే ఉందండి’ అని పంపించేస్తాడు.

ఆ తోట నుంచి తిరిగి వచ్చాక, ట్యాంకుకు ఎంత పోయాలో గీత గీసిన కొలత మూత డబ్బాతో పాటు ఇవ్వాలని రెండు పేజీల నోట్ రాసి పంపాను. ఖర్చు ఎంతవుతుందో తేల్చాలని ఒక సమావేశం, అది ఏ శాఖ పద్దులోకి వస్తుందో తేల్చాలని ఇంకో సమావేశం జరిగాయి. మరుసటి సీజన్ నాటికి ఆ ఊరి డీలర్ గారే, దగ్గుమందు సీసాలకు వచ్చేలాంటి చిన్న ప్లాస్టిక్ కప్పులు ఎక్కడి నుంచో తెప్పించి, స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, ప్రతి డబ్బాతో పాటు ఇవ్వడం మొదలుపెట్టారు. నేను ఆ ఉద్యోగం మానేసే నాటికి మా నోట్ ఇంకా పరిశీలనలోనే ఉంది.