సవరణ: ఇంగ్లాండ్ కౌంటీల్లో ఫైర్ సర్వీస్ ఎవరి కింద ఉంటుంది?

ఇంగ్లాండ్‌లో ఫైర్ స్టేషన్లన్నీ నేరుగా కేంద్ర ప్రభుత్వ శాఖ కింద నడుస్తాయని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 2004 నాటి చట్టం ప్రకారం ఆ బాధ్యత స్థానిక ఫైర్ అథారిటీలది, అంటే ఆయా ప్రాంతాల్లో ఫైర్ సర్వీస్‌ను చూసే సంస్థలది. సర్రే, నార్ఫోక్ కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కౌంటీ కౌన్సిలే ఆ అథారిటీ. కెంట్‌లో కౌంటీ కౌన్సిల్, అక్కడిదే మరో స్థానిక కౌన్సిల్ అయిన మెడ్‌వే, ఈ రెండింటి సభ్యులతో వేరే అథారిటీ ఉంది. ఎసెక్స్‌లో మాత్రం 2017 నుంచి పోలీసు వ్యవహారాలు చూసే ఎన్నికైన కమిషనర్‌కే ఫైర్ సర్వీస్ బాధ్యత కూడా అప్పగించారు. ఇవి ఆ చట్టంలోనూ, ఆయా సర్వీసుల అధికారిక సమాచారంలోనూ ఉన్నవే.

ఇంకొకటి. ‘ఆన్-కాల్’ సిబ్బంది (స్టేషన్‌లోనే ఉండకుండా, పిలుపు వస్తే వచ్చే ఫైర్ సిబ్బంది) అంటే జీతంలేని వాలంటీర్లని కొందరు అనుకున్నారు. కాదు, వాళ్లకు డబ్బులిస్తారు. పేజర్ మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి స్టేషన్‌కు పరిగెత్తాలి. అందుకే డ్యూటీ వేళల్లో స్టేషన్‌కు కొద్ది నిమిషాల దూరంలోనే ఉండాలి.