దాసరి పురుగుకు లద్దె పురుగు మందు అంటగట్టే మహానుభావులకు

ఈ ఉదయం అనంతపురంలోని ఒక పురుగుమందుల దుకాణంలో చూసిన తంతుకు నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. వేరుశనగ గట్ల వెంట ఆముదం వేసుకున్న ఒక రైతు పురుగు పట్టిన ఆకులను సంచిలో తెస్తే, దుకాణదారు ఆ సంచిలోకి తొంగి చూడకుండానే "లద్దె పురుగే పెద్దాయనా" అని తేల్చేసి, రెండు రకాల మందులు కలిపి కొట్టమని సీసాలు చేతిలో పెట్టాడు. తీరా ఆకు తిప్పి చూస్తే ఉన్నది దాసరి పురుగు. పొట్ట కింది మొదటి జత కాళ్లు సరిగా ఎదగనందువల్ల నడుమును విల్లులా పైకి వంచి నడిచే ఈ పురుగును గుర్తుపట్టడానికి పట్టాలు అక్కరలేదు, కళ్లుంటే చాలు. 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ నమోదు చేసిన ఈ ఎకియా జనాటా (దాసరి పురుగు శాస్త్రీయ నామం) మన దుకాణాల దాకా ఇంకా వచ్చినట్టు లేదు.

అంతకన్నా ఘోరం, వాటిలో చాలా పురుగులకు వెనుక భాగాన, పొట్ట కింద తెల్లటి బుల్లి గూడు అంటుకొని ఉంది. మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ లేత పురుగు ఒంట్లో గుడ్డు పెడితే, దాని పిల్ల లోపలే తిని పెరిగి, బయటికి వచ్చి అల్లుకున్న గూడు అది. ఆ పురుగు ఇక మేత ముట్టదు, త్వరలోనే చస్తుంది. చావబోయేదాన్ని చంపడానికీ, దాన్ని చంపుతున్న కందిరీగను సైతం చంపడానికీ రైతు అప్పు చేసి మందు కొనాలట! ఇదే ఆకును ఎరి పట్టుపురుగు తింటే మాత్రం శిక్షణలూ సన్మానాలూ ఉంటాయి.

ఇదే దాసరి పురుగు రెక్కలు వచ్చాక రాత్రిపూట పండ్ల రసం మీద పడుతుందని ఎవరూ చెప్పరు. చీనీ (బత్తాయి) తోటల్లో దీనికన్నా ఎక్కువ నష్టం చేసే పెద్ద రెక్కల పురుగుల పిల్లలు కంచెల మీది తిప్పతీగ, దూసరతీగల పైనే పెరుగుతాయనీ, ఆ తీగలను పీకి, రాలిన కాయలను పూడ్చిపెట్టమనీ కూడా ఎవరూ చెప్పరు. పోయిన కాపులో మండీ వ్యాపారి గుండుసూది మొనంత కన్నం పడి, చుట్టూ మెత్తబడిన రెండు కాయలను పైకెత్తి చూపి, లోడు మొత్తానికీ సూట్ (తరుగు పేరుతో రైతు దగ్గర కోసుకునే తూకం) పెంచాడు. ఆ కన్నం పెట్టింది ఏ పురుగని అడిగితే, "ఏదో దోమలే పోన్నా" అని చెయ్యి విదిలించాడు.