ఫార్మ్‌.డి ఆరో ఏడాదికి బాధ్యులెవరు?

మెతోట్రెక్సేట్ అని ఒక మాత్ర ఉంది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారి వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. ఎన్నో దేశాల్లో ఎన్నోసార్లు జరిగిన పొరపాటే ఇది. మందు రాసిన డాక్టర్‌కు ఈ సంగతి తెలుసు. అయినా డిశ్చార్జి సమ్మరీ టైపు చేసేటప్పుడో, మందుల షాపులో చీటీ చదివేటప్పుడో, ఇంట్లో కొడుకు మాత్రలు సర్ది ఇచ్చేటప్పుడో ‘వారానికి’ అన్న మాట జారిపోతుంది. అలా జారిపోయేవాటిని పట్టుకోవడమే పనిగా ఆసుపత్రిలో ఒక మనిషి ఉండాలి. అమెరికాలో ఆ మనిషి క్లినికల్ ఫార్మసిస్ట్. మన దేశంలో ఆ పని కోసమే 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఆరేళ్ల ఫార్మ్‌.డి కోర్సు పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో కాలేజీలు పోటీపడి దాన్ని తెచ్చుకున్నాయి. 2014 నుంచి ఏటా బ్యాచ్‌లు బయటికి వస్తూనే ఉన్నాయి. పట్టా అందింది గానీ ఆ పని మాత్రం ఇంకా చాలామందికి అందలేదు.

ఎందుకని అడిగితే అందరూ చెప్పే జవాబు పోస్టులు లేవని. నిజమే. 2024లో తెలంగాణలో 633 ఫార్మసిస్ట్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే డీ.ఫార్మసీ, బీ.ఫార్మసీ వాళ్లతో పాటు ఫార్మ్‌.డి వాళ్లూ ఆ పరీక్షే రాయాల్సి వచ్చింది. రెండేళ్లు చదివినా ఆరేళ్లు చదివినా చివరికి మందులిచ్చే కిటికీ దగ్గరి ఉద్యోగమే. ఇందులో కిటికీ దగ్గర పనిచేసేవాళ్లను చిన్నబుచ్చేదేమీ లేదు. రోజుకు వందలమంది క్యూలో నిలబడే చోట స్టాకు, ఇండెంటు, ఎక్స్‌పైరీ చూసుకోవడం చిన్న పనేం కాదు. కాకపోతే ఫార్మ్‌.డి పెట్టింది ఆ పనికి కాదు.

పోస్టుల డిమాండ్‌తో నాకు పేచీ లేదు. నేను అడిగేది దానికంటే ముందు మెట్టు గురించి. రేపు ప్రభుత్వం వంద క్లినికల్ ఫార్మసిస్ట్ పోస్టులు మంజూరు చేస్తే, చేరిన మొదటి రోజు నుంచే ఐసీయూలో ఈ రోగి మందుల బాధ్యత నాది అనగలిగేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? పట్టా చేతికొచ్చాక, జీతం తీసుకుంటూ, అనుభవం ఉన్న సీనియర్ పక్కనుండగా ఏడాది పాటు రోగుల బాధ్యత మోసే రెసిడెన్సీ శిక్షణకు మన దగ్గర ఉమ్మడి ప్రమాణం అంటూ లేదు. కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు ఆ పేరుతో సొంతంగా ఏదో నడుపుకుంటున్నాయి. మిగతా అందరికీ కోర్సులో భాగంగా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసే ఆరో ఏడాదే దిక్కు.

నిబంధనల ప్రకారం చూస్తే ఆ ఏడాది ముచ్చటగానే ఉంటుంది. కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి. ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు పనిచేయాలి. ఏడాది పూర్తయ్యేసరికి విద్యార్థి స్వతంత్రంగా పని చేయగల స్థితికి రావాలి. జరుగుతున్నది వేరు. చాలా కాలేజీలకు సొంత ఆసుపత్రి ఉండదు, ఏదో ఒక ఆసుపత్రితో ఎంఓయూ ఉంటుంది. నేర్పించాల్సిన ప్రిసెప్టర్ కాలేజీ లెక్చరర్. ఆసుపత్రి రికార్డుల్లో ఆయన ఎవరూ కాదు. విద్యార్థి రౌండ్స్‌లో హౌస్ సర్జన్ల వెనకాల, పీజీల వెనకాల, చివరి వరసలో నిలబడతాడు. రెండు మందులకు పడదని గమనిస్తే ఒక ఫారం నింపుతాడు. దాని మీద తన లెక్చరరే సంతకం పెడతాడు. అది లాగ్‌బుక్‌లోకి, అక్కణ్నుంచి ప్రాజెక్టు రిపోర్టులోకి వెళ్తుంది. కేస్ షీట్‌లోకి మాత్రం రాదు. డ్యూటీ డాక్టర్ దాకా ఆ విషయం వెళ్లిందో లేదో అడిగేవాళ్లుండరు. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌కు ప్రభుత్వం స్టైపెండ్ నిర్ణయించి ఇస్తుంది. ఫార్మ్‌.డి ఇంటర్న్‌కు అలాంటి రేటే లేదు. కొన్నిచోట్ల ఆ ఏడాదికీ తల్లిదండ్రులే ఫీజు కడుతున్నారు.

ఇక పరీక్ష సంగతి. ఆరో ఏడాది ఫెయిలైన విద్యార్థిని మీరెప్పుడైనా చూశారా?

రెసిడెన్సీలో నేర్చుకునేదేమిటో ఒక్క మందుతో చెప్పవచ్చు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లకు సెలైన్‌లో ఎక్కిస్తారు. తక్కువైతే ఇన్‌ఫెక్షన్ లొంగదు, ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. ఒకప్పుడు తర్వాతి డోసుకు ముందు రక్తంలో మందు స్థాయి మిల్లీలీటరుకు 15 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే చాలనుకునేవారు. 2020లో వచ్చిన అమెరికన్ మార్గదర్శకాలు ఆ పద్ధతిని పక్కన పెట్టి, 24 గంటల్లో శరీరానికి మొత్తంగా ఎంత మందు తగిలిందో లెక్కగట్టి దాన్ని 400–600 మధ్య ఉంచమన్నాయి. లెక్క పుస్తకంలో ఉంటుంది. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది, రక్తం శాంపిల్ గంట ఆలస్యంగా తీశారు, రాత్రి ఒక డోసు ఇవ్వనే లేదని నర్సు చెబుతోంది. ఇప్పుడు తర్వాతి డోసు ఎంత? అది ఫార్మసిస్ట్ చెప్పాలి, రాసి సంతకం పెట్టాలి, మర్నాడు ఫలితం తనే చూడాలి. తప్పితే సీనియర్‌కు జవాబు చెప్పాలి. ఇలా కొన్ని వందలసార్లు చేస్తేనే చెయ్యి కుదురుతుంది. లాగ్‌బుక్ నింపితే కుదరదు.

అమెరికాలోనూ ఇది ఒక్క రోజులో రాలేదు. 1927లో మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో హార్వే విట్నీ అనే చీఫ్ ఫార్మసిస్ట్ మొదలుపెట్టిన ఇంటర్న్‌షిప్ దీనికి మూలం. ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘం ఏఎస్‌హెచ్‌పీ 1960ల్లో వీటికి గుర్తింపు ప్రమాణాలు పెట్టింది. ఇప్పుడు మొదటి ఏడాది రెసిడెన్సీలో అన్ని రకాల వార్డులూ, కావాలనుకుంటే రెండో ఏడాది క్రిటికల్ కేర్, క్యాన్సర్, అవయవ మార్పిడి లాంటి ఒక్క విభాగం. అక్కడి డాక్టర్ల పీజీ సీట్ల మాదిరే, అభ్యర్థులూ ఆసుపత్రులూ ఇచ్చిన ఇష్టాల జాబితాలను జతచేసే మ్యాచ్ పద్ధతిలో సీట్లు పంచుతారు. ఫలితానికి ఒక పాత ఉదాహరణ చాలు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూలో ఒక సీనియర్ ఫార్మసిస్ట్‌ను రోజూ రౌండ్స్‌లో కూర్చోబెట్టి చూశారు. మందులు రాయడంలో జరిగే పొరపాట్ల వల్ల కలిగే, నివారించగల హాని మూడింట రెండు వంతులు తగ్గింది. 1999లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో నాకు ఇంకా ముఖ్యంగా తోచింది మరో అంకె: ఆ ఫార్మసిస్ట్ చేసిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. డాక్టర్లు మన మాట వినరన్న దిగులుకు ఇదే మందు. వచ్చినవాడికి పని వస్తే వింటారు.

(మన దగ్గర ఫార్మ్‌.డి చదివినవాళ్లు పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవచ్చా లేదా అనే గొడవ మీద ఖర్చయిన శక్తిలో సగం శిక్షణ మీద పెట్టి ఉంటే, ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో.)

అలాగని అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకోవాలని కాదు. 2020 నాటికి రోగుల సంరక్షణలో నేరుగా పాల్గొనే ప్రతి కొత్త ఫార్మసిస్టుకూ రెసిడెన్సీ ఉండాలని ఏఎస్‌హెచ్‌పీ లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరలేదు. కాలేజీలు పెరిగినంత వేగంగా సీట్లు పెరగక, ఒక దశలో దరఖాస్తు పెట్టినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి సీటే దొరకలేదు. రెసిడెంట్‌కు వచ్చేది మామూలు ఫార్మసిస్ట్ జీతంలో సగం కంటే తక్కువ కాబట్టి, చదువు అప్పులున్నవాళ్లు ఇది మనకెందుకని షాపుల చైన్లలో చేరిపోయారు. చవగ్గా దొరికే చాకిరీ అనే విమర్శ అక్కడా ఉంది. మనం అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. రెసిడెన్సీ అంటే ఇంకో ఏడాది ఫ్రీ సర్వీస్ అనుకునే యాజమాన్యాలకు మన దగ్గర కొదవ లేదు.

అమెరికా ప్రస్తావన రాగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వేరే సంగతి. 2003 జనవరి నుంచి విదేశీ ఫార్మసిస్టులకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉంటేనే అమెరికా లైసెన్సు దారిలో మొదటి పరీక్షకు అర్హత. మన బీ.ఫార్మసీ నాలుగేళ్లే. చాలా ఇళ్లలో ఫార్మ్‌.డి సీటు వెనకున్న లెక్క ఇదే. అందులో తప్పు పట్టేదేమీ లేదు. అయితే ఆ పరీక్షలు పాసై వెళ్లిన మన పిల్లలకు అక్కడి రెసిడెన్సీ తలుపు కాగితం మీద తెరిచే ఉన్నా, వీసా స్పాన్సర్ చేసే ప్రోగ్రాములు తక్కువ. ఇక్కడే ఉండిపోయినవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోని ఫార్మకోవిజిలెన్స్, మెడికల్ కోడింగ్ కంపెనీల్లో కుదురుకుంటున్నారు. మందు దుష్ఫలితాల రిపోర్టులు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగం మంచిదే, జీతం కూడా నయమే. ఆ దుష్ఫలితం జరిగే వార్డులో మాత్రం వాళ్లు ఉండరు.

రెసిడెన్సీ మొదలుపెట్టడానికి మన దగ్గర చోట్లు లేవనేం కాదు. ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఇళ్లను ఖాళీ చేస్తోంది. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీ రోగికి మందు రాయడమంటే ప్రతిసారీ లెక్క వేయాల్సిందే. కిడ్నీ పనితీరు బాగా పడిపోయాక షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఆపాలి. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్ మోతాదు తగ్గించకపోతే మనిషి మగతగా ఉంటాడు, నడుస్తూ పడిపోతాడు. ఇంట్లోవాళ్లు అది జబ్బు ముదరడమే అనుకుంటారు. ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర తీసుకున్న నొప్పి మాత్రలు కిడ్నీ మీద ఇంకో దెబ్బ. డయాలసిస్‌కు వచ్చిన రోగి తెచ్చుకున్న ప్లాస్టిక్ కవరు విప్పి, అందులో ఏవి ఉండాలో ఏవి తీసేయాలో తేల్చడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట నెఫ్రాలజిస్ట్‌కు ఉండదు. ఫార్మసీ రెసిడెంట్‌కు ఉంటుంది, ఉండాలి. ఏడాది పాటు ఈ పని చేసినవాడికి దేశంలో ఎక్కడైనా కిడ్నీ విభాగంలో పని చేయగల నేర్పు వస్తుంది.

హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం వాడే టాక్రోలిమస్‌కు ఫంగస్ మందు ఒకటి తోడైతే రక్తంలో దాని స్థాయి అమాంతం పెరుగుతుంది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌ను పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే రోగి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. ఆ బ్యాగు ఎవరు కలపాలి, ఎవరు సరిచూడాలి అన్నది ఫార్మసీ శిక్షణలో మొదటి పాఠం.

ఖర్చు? ఒక పెద్ద బోధనాసుపత్రిలో పదిమంది రెసిడెంట్లకు నెలకు 25 వేల చొప్పున ఇస్తే ఏడాదికి 30 లక్షలు. వైద్య శాఖ బడ్జెట్‌లో ఇది కనిపించను కూడా కనిపించదు. ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో ప్రభుత్వం చేతిలో ఆరోగ్యశ్రీ ఉంది. ఆసుపత్రులను ఆ పథకంలో చేర్చుకునే ఎంప్యానెల్‌మెంట్ షరతుల్లో, ఒక స్థాయి దాటిన ఆసుపత్రికి క్లినికల్ ఫార్మసిస్ట్ తప్పనిసరి అని ఒక్క వాక్యం చేరిస్తే యాజమాన్యాలే అభ్యర్థులను వెతుక్కుంటూ వస్తాయి.

డబ్బు కంటే కష్టమైనది నేర్పేవాళ్లను వెతకడం. వార్డులో బాధ్యత ఎన్నడూ మోయని లెక్చరర్ ఇంకొకరికి అది నేర్పలేడు. ఇందులో ఆయన తప్పు లేదు, ఆయనకూ ఎవరూ నేర్పలేదు. కాబట్టి మొదటి రెండేళ్లు ప్రిసెప్టర్లకే శిక్షణ జరగాలి. వాళ్లను ఆసుపత్రి, కాలేజీ కలిసి నియమించాలి. ఆసుపత్రి అటెండెన్స్ రిజిస్టర్‌లో వాళ్ల పేరుండాలి, కేస్ షీట్‌లో రాసే అధికారం లిఖితపూర్వకంగా ఇవ్వాలి. అమెరికా, గల్ఫ్ ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన తెలుగు ఫార్మసిస్టులు కొందరున్నారు. అక్కడే ఉన్నవాళ్లలోనూ వారానికో గంట ఆన్‌లైన్‌లో కేసులు చర్చించడానికి ముందుకొచ్చేవాళ్లుంటారు. అడిగే వ్యవస్థే లేదు. ఈ పని జరిగేదాకా కొత్త ఫార్మ్‌.డి సీట్లు ఆపినా నష్టం లేదన్నది నా అభిప్రాయం. కాలేజీలకు ఇది నచ్చదని తెలుసు.

అన్ని చోట్లా ఒకేసారి మొదలుపెట్టి, అన్ని చోట్లా నామమాత్రంగా నడిపే అలవాటు మనకుంది. అలా కాకుండా మూడు నాలుగు ఆసుపత్రుల్లో తక్కువ మందితో మొదలుపెట్టాలి. ఏడాది చివర రెసిడెంట్లు ఎన్ని సూచనలు చేశారు, డాక్టర్లు ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నది ఆసుపత్రే బయటపెట్టాలి. కాదన్న వాటిలో ఫార్మసిస్ట్‌దే తప్పైనవి కూడా అందులో ఉండాలి. అవి లేకపోతే ఆ లెక్కను డాక్టర్లే నమ్మరు. ఆ తర్వాత కూడా ఆర్థిక శాఖ పోస్టులివ్వనంటే, ధర్నా చౌక్‌కు ఈసారి చేతిలో ఆ లెక్కతో వెళ్లొచ్చు.