ముంపును కొలిచేవారున్నారు, మునిగినవారి గురించి పరిశోధించే కొలువులేవి?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తిన తర్వాత గండ్ల గురించి, మళ్లింపు కాలువ సామర్థ్యం గురించి, ఆక్రమణల గురించి చాలా చర్చ జరిగింది. ఎంత వాన కురిసింది, ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి అన్న లెక్కలు చెప్పే నిపుణులు ప్రభుత్వ శాఖల్లోనే ఉన్నారు. అయితే ఏరు పొంగే చోటని తెలిసీ వేలాది కుటుంబాలు అక్కడే ఎందుకు స్థిరపడ్డాయి, అద్దె ఇళ్లలో ఉన్నవారికి పరిహారం ఏ మేరకు దక్కింది, వరద తర్వాత చేసిన అప్పులు ఇంట్లో ఎవరి మీద పడ్డాయి అన్న ప్రశ్నల మీద ఏళ్ల తరబడి పనిచేయడానికి జీతమిచ్చి నియమించుకున్న ఆచార్యులు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారు? ప్రకృతి మారినప్పుడు మనుషుల బతుకు ఎలా మారుతుందో పరిశోధించడం మన దగ్గర ఒక వృత్తిగా నిలదొక్కుకోలేదు. దీన్ని నిధుల కొరతగా చెప్పి సరిపెట్టుకోవడం తప్పు. ఆ పరిశోధన అడిగే ప్రశ్నలు ప్రభుత్వాలకు అక్కర్లేకపోవడమే అసలు కారణం.

ఉద్దానంలో కిడ్నీ వ్యాధి కుటుంబాలను ఎలా కుంగదీసిందన్న విషయం మీద సమాజశాస్త్రంలో పీహెచ్‌డీ చేసే ఒక యువతి సంగతి చూడండి. పీహెచ్‌డీ చేసేవారికి కేంద్రం ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల చొప్పున అయిదేళ్లు గడుస్తాయి. ఆ తర్వాత పర్యావరణ శాస్త్ర విభాగం ఆమెకు విజ్ఞానశాస్త్ర పట్టా లేదంటుంది, సమాజశాస్త్ర విభాగంలో భర్తీ చేసే పోస్టే ఉండదు. మిగిలేది ఏటా కొత్తగా రాసుకోవలసిన గెస్ట్ లెక్చరర్ ఒప్పందం, లేదా మూడు నెలల్లో నివేదిక ఇమ్మనే కన్సల్టెన్సీ. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం పుణ్యమా అని డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ పాఠం తప్పనిసరి అయినా, చాలా కళాశాలల్లో అది వృక్షశాస్త్రమో రసాయనశాస్త్రమో బోధించేవారికి అదనపు పనిగానే మిగిలింది తప్ప కొత్త కొలువులను సృష్టించలేదు.

ఈ రకమైన పరిశోధనకు కావలసిన మొదటి వనరు కాలం. కరువు సీమలో ఒక ఊరు ఎలా బతుకుతుందో తెలియాలంటే మంచి వానల ఏడాదినీ, వరసగా పంట పోయిన ఏళ్లనూ, వలస వెళ్లినవారు తిరిగి రావడాన్నీ, కొందరు తిరిగి రాకపోవడాన్నీ అదే మనిషి అదే ఊళ్లో చూడాలి. ఉప్పాడ తీరంలో సముద్రం ఊరిని కోసుకుపోవడం తరాలుగా సాగుతున్న కథ. వచ్చే జూన్‌లో తన కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని అధ్యాపకుడు అలాంటి కథ వెంట ఎలా నడవగలడు?

కాలం దొరికినప్పుడు ఏమి సాధ్యమైందో మన నేల మీదే రుజువైంది. రాబర్ట్ వేడ్ అనే విదేశీ పరిశోధకుడు 1970ల చివర్లో రాయలసీమలో కాలువ కింది గ్రామాలను పరిశీలించాడు. నీరు పుష్కలంగా అందే ఎగువ ఊళ్లలో కనిపించని ఉమ్మడి కట్టుబాటు, నీటికి కటకటలాడే చివరి ఊళ్లలో బలంగా ఉందని ఆయన గుర్తించాడు. ఆ ఊళ్లు ఉమ్మడి నిధి నుంచి జీతమిచ్చి చేలకు నీరు పెట్టేవారిని, పంట కాపలాదారులను నియమించుకునేవి. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ ఆధారం చేసుకున్న అధ్యయనాల్లో ఇదీ ఒకటి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975 నుంచి పాలమూరులోని డోకూరు వంటి గ్రామాల్లో సిబ్బందిని ఊళ్లోనే ఉంచి కుటుంబాల ఆదాయవ్యయాలను నమోదు చేయించింది. కరువును పేదలు ఎలా తట్టుకుంటారన్న విషయం మీద ప్రపంచంలోని ఆర్థికవేత్తలు ఆ లెక్కలను నేటికీ తిరగేస్తున్నారు. అక్కడ పనిచేసిన ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా గ్రామాలను అధ్యయనం చేసి, పేదల ఆదాయంలో 14 నుంచి 23 శాతం దాకా బంజర్లు, మేత భూములు, చెరువుల వంటి ఉమ్మడి వనరుల నుంచే వస్తోందనీ, ఆ వనరులు వేగంగా తరిగిపోతున్నాయనీ 1986లో తేల్చారు. ఎవరికీ చెందని భూములుగా రెవెన్యూ రికార్డుల్లో పడి ఉన్నవాటికి పేదల గంజిలో ఎంత వాటా ఉందో ఆ ఒక్క పరిశోధన బయటపెట్టింది. మన విశ్వవిద్యాలయాల్లో మంచి పని జరగలేదని నేననను. కానీ మన ఊళ్లను ప్రపంచ జ్ఞానంలో భాగం చేసిన ఇంతటి పని ఎక్కువగా బయటి సంస్థల జీతాల మీదే జరగడం మనకు గౌరవం కాదు.

ముందు శుభ్రమైన నీరు, గట్టి కరకట్ట కావాలి గానీ మనుషుల కథలు రాసే ఆచార్యులు ఎందుకని అడిగేవారున్నారు. విలేకరులు, స్వచ్ఛంద సంస్థలు ఆ పని చేస్తున్నాయని కూడా వారంటారు. విలేకరి వరద వారంలో వస్తాడు, సంస్థ ప్రాజెక్టు ముగిసే దాకా ఉంటుంది. కట్టిన శుద్ధి కేంద్రం నీటిని కొన్ని కుటుంబాలు అయిదేళ్ల తర్వాత కూడా ఎందుకు వాడటం లేదో తెలుసుకోవడం వారి పని కాదు.

ఇక ప్రభుత్వాల ఉద్దేశానికి వద్దాం. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలన్నది. ఆ నివేదిక స్థానిక భాషలో పంచాయతీకి అందాలన్నది. దాన్ని మదింపు చేసే నిపుణుల బృందంలో ప్రభుత్వోద్యోగులు కాని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఉండాలన్నది. ఈ చట్టాన్ని ఉన్నది ఉన్నట్టు అమలు చేసి ఉంటే ప్రతి జిల్లాకూ ఈ విద్య తెలిసినవారు అవసరమయ్యేవారు, విశ్వవిద్యాలయాలు వారిని తయారుచేయక తప్పేది కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో తమ సవరణలతో అనేక రకాల ప్రాజెక్టులను ఈ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకున్నాయి. రెండు రాష్ట్రాల్లో పార్టీలు వేరు, నాయకులు వేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది. భూమి పోయేవారి గురించి ముందుగా అడగవలసిన ప్రశ్ననే చట్టం నుంచి తప్పించినప్పుడు, ఆ ప్రశ్న అడగడం నేర్చిన పరిశోధకులకు కొలువు ఎక్కడి నుంచి వస్తుంది?

అందువల్ల ఫెలోషిప్ మొత్తం పెంచితే ఈ సమస్య తీరదు. ముందుగా ఆ మినహాయింపులను ఎత్తివేయాలి. పర్యావరణ శాస్త్ర విభాగాల్లో సామాజిక శాస్త్ర పట్టాలున్నవారికి శాశ్వత పోస్టులు ఇవ్వాలి. గ్రామంలో గడిపిన కాలాన్ని బోధనతో సమానంగా లెక్కించాలి. గ్రామసభ చదవగలిగేలా తెలుగులో రాసిన నివేదికకు ఆంగ్ల పత్రికలో వచ్చిన వ్యాసంతో సమానమైన విలువను పదోన్నతుల్లో ఇవ్వాలి. ఇందుకు కొత్త సంస్థలు కట్టనక్కర్లేదు. ఉద్దానం ఉన్న జిల్లాలోనే ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. వలసల జిల్లాలో పాలమూరు విశ్వవిద్యాలయం, ఫ్లోరైడ్ గోస పడిన నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, కరువు అనంతలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాల్సి వస్తుంటే, వారిలోని కొండరెడ్లు, కోయలు వంటి గిరిజనులు కొత్త కాలనీల్లో అడవి లేకుండా ఎలా బతుకుతున్నారో పదేళ్ల పాటు వెంట ఉండి నమోదు చేసే తొలి శాశ్వత పోస్టును రాజమహేంద్రవరంలోని నన్నయ విశ్వవిద్యాలయానికి ఈ విద్యా సంవత్సరంలోనే మంజూరు చేయాలి.