పందెం ఎంచుకోవడమంటే దారిని ఎంచుకోవడం

మారథాన్‌ను మించిన దూరాల అల్ట్రా పరుగులు, ట్రయాథ్లాన్లు, వందల కిలోమీటర్ల సైకిల్ పందేల కోసం దేశాలు దాటి వెళ్లడం ఇప్పుడు వింత కాదు. వెళ్లేవారు పందేన్ని ఎలా ఎంచుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న. తక్కువ సమయంలో పూర్తి చేయగలిగే రూటేనా, పతకానికి పేరుందా, మరో పెద్ద పందేనికి అర్హత దొరుకుతుందా అన్న లెక్కలే ఎక్కువగా సాగుతున్నాయి. ఊరి సంగతి చివరికి వస్తుంది, అదీ విమానాశ్రయం ఎంత దూరం అనే రూపంలో. ఈ వరుస తలకిందులు కావాలి. దూరపు పందెం మనకిచ్చే వాటిలో అన్నింటికన్నా విలువైనది అది నడిపించే నేల. మరే ప్రయాణమూ ఆ నేలను అలా చూపించలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పర్యాటక రంగం చూపించేది విడివిడి చోట్లను. కోట దగ్గర దిగుతాం, ఫోటోలు తీసుకుంటాం, మళ్లీ బండెక్కి జలపాతం దగ్గర దిగుతాం. కోటకూ జలపాతానికీ మధ్యనున్న నేల కిటికీ బయట దాటిపోతుంది. దూరపు పందేనికి కావలసింది సరిగ్గా ఆ మధ్య నేలే. వంద మైళ్ల దారి వేయాల్సిన నిర్వాహకులు అందమైన చోట్లతోనే సరిపెట్టుకోలేరు. పొలాల గట్లు, కర్మాగారాల వెనక రోడ్లు, పేరు తెలియని పల్లెలు, ఊరి చివరి బడులు అన్నీ అందులోకి వస్తాయి. ఆ బడిలోనే వైద్య శిబిరం పెడతారు, ఆ పల్లెవాళ్లే అర్ధరాత్రి నీళ్లందిస్తారు. ఒక ప్రాంతం అతిథుల కోసం సిద్ధం చేసిన ముఖాన్నే కాక రోజూ బతికే ముఖాన్ని కూడా చూసే అవకాశం అలా దొరుకుతుంది.

స్పార్టథ్లాన్‌నే తీసుకోండి. గ్రీస్ రాజధాని ఏథెన్స్‌లో అక్రోపోలిస్ దగ్గర మొదలై స్పార్టాలో ప్రాచీన రాజు లియోనిడాస్ విగ్రహం పాదాల దగ్గర ముగిసే 246 కిలోమీటర్ల పరుగు అది. గడువు 36 గంటలు. క్రీ.పూ. 490లో పర్షియన్లు దండెత్తి వచ్చినప్పుడు సాయం కోరడానికి ఏథెన్స్ పంపిన వార్తాహరుడు మర్నాటికే స్పార్టా చేరాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అది మానవమాత్రులకు సాధ్యమేనా అని తేల్చుకోవడానికి జాన్ ఫోడెన్ అనే బ్రిటిష్ వైమానిక దళ అధికారి 1982లో సహచరులతో కలిసి ఆ దారిన పరుగెత్తగా ముగ్గురు చేరుకున్నారు, మరుసటి ఏడాదే పందెం మొదలైంది. ఇది ఈ క్రీడను అనుసరించేవారికి తెలిసిన కథే. నన్ను ఆకట్టుకునేది ఆ కథ కింద ఉన్న భూగోళం. నేటి స్పార్టాలో పురాతన వైభవాన్ని చాటే శిథిలాలు తక్కువ. ఈ నగరం ఎప్పుడైనా నిర్మానుష్యమైతే, మిగిలిన పునాదుల్ని చూసి దాని బలాన్ని రాబోయే తరాలు నమ్మలేవని మరో గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ ఆ కాలంలోనే రాశాడు. బస్సు దిగి చూసేవారి విషయంలో ఆ మాట నిజమే. కానీ కొరింథ్ కాలువ దాటి, నెమియా గడిచి, నూటయాభై కిలోమీటర్లు పైబడిన కాళ్లతో చీకట్లో పార్థేనియన్ కొండల వరుసనెక్కి, తెగెయా మైదానంలోకి దిగి, మళ్లీ ఎత్తులు దాటుకుని స్పార్టా లోయలోకి చేరినవారికి ఆ బలం గురించి శిథిలాలు చెప్పనవసరం లేదు. ఆ నగరం శతాబ్దాల పాటు ప్రాకారం లేకుండా ఎలా నిలిచిందన్నదానికి చరిత్రకారులు సైనికుల పరాక్రమాన్ని చెబుతారు. ఆ పరాక్రమానికి కొండలు ఎంత తోడ్పడ్డాయో పరుగుదారుల మోకాళ్లకు తెలుస్తుంది.

దక్షిణాఫ్రికాలో 1921లో మొదలైన కామ్రేడ్స్ పరుగు మరో మెట్టు పైకి వెళ్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సహచరుల జ్ఞాపకార్థం మొదలైన ఈ దాదాపు 90 కిలోమీటర్ల పందెం డర్బన్ తీరానికీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ మధ్య సాగుతుంది. దిశ మాత్రం సాధారణంగా ఏటా మారుతుంది: ఒక ఏడు సముద్రం నుంచి కొండలకు ఎక్కుడు, మరో ఏడు కొండల నుంచి సముద్రానికి దిగుడు. ఒకే రోడ్డు రెండు దిశల్లో రెండు ప్రాంతాలైపోతుంది. ఎక్కుడు పరుగు ముగిసే ఆ నగరంలోనే, 1893లో డర్బన్ నుంచి ప్రిటోరియాకు బయల్దేరిన గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దించేసిన రైల్వే స్టేషన్ ఉంది. ఆ పందెం కూడా నల్లజాతివారికీ మహిళలకూ 1975లో గానీ అధికారికంగా తలుపులు తెరవలేదు. పతకం కోసం వెళ్లినవారు ఒక్క పూట ఆగి ఆ స్టేషన్ దాకా నడిస్తే, తాము పరుగెత్తిన రోడ్డు ఏ దేశపు రోడ్డో అప్పుడు తెలుస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లెడ్‌విల్ పందెమూ అలాంటిదే. 1980ల ఆరంభంలో అక్కడి క్లైమాక్స్ గని మూతపడి ఊరు ఉపాధి కోల్పోయింది; ఊరిని నిలబెట్టుకోవడానికి 1983లో వంద మైళ్ల పరుగు పెట్టారు. దాదాపు 3,100 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ పట్టణంలో రాత్రి బస చేయక తప్పని పందెం అది.

అలసిన మనిషి ఏం చూస్తాడు, సగం దారి చీకట్లోనే గడుస్తుంది కదా, పైగా ఒక పరుగు కోసం విమానాల్లో ఖండాలు దాటడం వాతావరణానికి చేటు కాదా అని అడిగేవారున్నారు. చివరి అభ్యంతరం న్యాయమైనది. ఏడాదికి నాలుగు పందేలకు ఎగిరివెళ్లే బదులు ఒక్క దానికి వెళ్లి, వారం ముందే చేరి, దారిలో కొంత భాగాన్ని పగలు నింపాదిగా నడవాలని నేననేది అందుకే. అలసట చూపును చంపుతుందన్న మాటను మాత్రం ఒప్పుకోను. వేగం తగ్గి, శక్తి ఉడిగి, తర్వాతి నీటి కేంద్రం ఎక్కడుందో వెతికే స్థితిలో ప్రతి మలుపూ, ప్రతి ఎత్తూ ఒంటికి ఎక్కుతుంది.

ఇక్కడ ఒక పెద్ద సంగతి ఉంది. ఈ ఆవిష్కరణలన్నిటికీ ఆధారం, ఎవరైనా నడవగలిగే దారి ఉండటం. ఆల్ప్స్‌లోని మోబ్లాఁ పర్వతం చుట్టూ మూడు దేశాల గుండా సాగే దాదాపు 170 కిలోమీటర్ల యూటీఎంబీ పందెం 2003లో మొదలైంది. కానీ దాని రూటు చాలా మటుకు అంతకు ముందు నుంచీ పాదచారులు రోజుల తరబడి నడిచే కాలిబాటే. ఇంగ్లండ్‌లో జనవరి చలిలో జరిగే స్పైన్ పందేనికి ఆధారమైన పెన్నైన్ వే అనే కాలిబాట ఊరికే రాలేదు. 1932లో జనానికి ప్రవేశం లేని కిండర్ స్కౌట్ కొండ మీదికి శ్రామికులు మూకుమ్మడిగా నడిచి కొందరు జైలుకు వెళ్లారు, 1935లో టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు అలాంటి దారి కావాలని పత్రికలో రాశాడు, చివరికి 1965లో అది తెరుచుకుంది. నేడు 431 కిలోమీటర్ల పొడవునా పరుగెత్తే ప్రతి ఒక్కరూ ఆ పోరాటాల ఫలాన్నే అనుభవిస్తున్నారు. నడిచే హక్కు లేనిచోట కొత్త ఊరిని కనుక్కోవడం అన్న మాటే ఉండదు. కంచెల వెనక కుదించిన, ఎక్కడైనా ఒకేలా ఉండే చుట్టు రూట్లు మాత్రమే మిగులుతాయి. తీగ లాగినట్టు సాగే దారిని వదిలి అలాంటి చుట్టు రూట్ల వైపు నిర్వాహకులు మొగ్గడం అందుకే నాకు ఆందోళన కలిగిస్తోంది. భద్రతకూ లెక్కింపుకూ అవి సులువే, కానీ ప్రయాణించి వెళ్లవలసిన కారణాన్నే అవి తుడిచేస్తాయి.

కాలిఫోర్నియాలోని వెస్టర్న్ స్టేట్స్ పందెం చూపిన మార్గాన్ని మిగతావారు ఎందుకు అందుకోరో నాకు అర్థం కాదు. వంద మైళ్ల ఆ పరుగులో పాల్గొనాలంటే ఎనిమిది గంటల స్వచ్ఛంద సేవ తప్పనిసరి. పడిపోయిన చెట్లు తొలగించడం, కోతకు గురైన బాటను సరిచేయడం వంటి పనులు అందులో భాగం. దూరపు పందేలు నిర్వహించే ప్రతి సంస్థా ఈ నియమాన్ని తెచ్చుకోవాలి. పేరు నమోదు చేసుకునేవారు కూడా గడువు, పతకం గురించి అడిగే ముందు, మిగతా రోజుల్లో ఆ దారిలో ఎవరైనా నడవవచ్చా అని నిర్వాహకులను రాతపూర్వకంగా అడగాలి. నడవనివ్వరన్న జవాబు వస్తే ఆ డబ్బును మరో పందేనికి కట్టాలి.