వైఫై పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకుంటే రూటర్ సేఫ్ అన్న మెసేజ్ నమ్మకండి

ఈ మధ్య మా భీమవరం, పాలకొల్లు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోందండి, ఆక్వా రైతుల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఎక్కడ చూసినా అదే. అందులో ఉన్నది ఇంతే: రూటర్ హ్యాకింగ్ అనేది కొత్త రూటర్లు అమ్ముకోడానికి పుట్టించిన భయం, వైఫై పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకుంటే చాలు, బయటోడు ఇంటి రూటర్‌లోకి రాలేడు, పల్లెటూరోళ్లని ఎవడూ పట్టించుకోడు, ఏదన్నా దూరినా ఆపి ఆన్ చేస్తే పోద్ది, ఎఫ్‌బీఐ కూడా అదే చెప్పింది, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపల నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ మాత్రం చెయ్యొద్దు, రూటర్ చచ్చిపోద్ది. నేను ఇళ్లకీ చెరువుల దగ్గర మకాంలకీ నెట్టూ కెమెరాలూ బిగిస్తుంటాను. ఇది చదివి అప్‌డేట్ వద్దండీ అనేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నా.

మొదటి మాట, పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే చాలు. అసలు తప్పంతా ఇక్కడే ఉంది. వైఫై పాస్‌వర్డ్ వేరు, సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి కొట్టే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, ఈ రెండూ ఎంత గట్టివైనా ఆగని దారి ఇంకోటి ఉంది, దాన్ని కమాండ్ ఇంజెక్షన్ అంటారు. మీ రూటర్ లోపల ఉండేది చాలావరకు లినక్స్ (విండోస్ లాంటి ఒక సిస్టం) మీద నడిచే ఒక చిన్న కంప్యూటరే. సెట్టింగ్స్‌లో డయాగ్నోస్టిక్స్ అని ఒక పేజీ ఉంటుంది చూడండి, అందులో పింగ్ అని ఒక బాక్సు, 8.8.8.8 లాంటి అడ్రస్ కొట్టి స్టార్ట్ నొక్కితే నెట్ వస్తోందో లేదో చెప్తుంది. వెనకాల ఏం జరుగుద్దంటే, సరిగ్గా రాయని ఫర్మ్‌వేర్ అయితే పింగ్ అనే మాట పక్కన మీరు కొట్టింది ఉన్నదున్నట్టు అతికించేసి ఆ లైన్ మొత్తాన్ని షెల్‌కి, అంటే కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రాంకి, ఇచ్చేస్తుంది. షెల్‌కి సెమీకోలన్ కనపడిందంటే ఒక కమాండ్ అయిపోయింది, తర్వాతది మొదలెట్టు అని అర్థం. ఎవడన్నా అడ్రస్ తర్వాత సెమీకోలన్ పెట్టి తన కమాండ్ రాశాడనుకోండి, వచ్చింది అడ్రసేనా కాదా అని ప్రోగ్రాం చూసుకోదు కాబట్టి అదీ నడిచిపోద్ది, చాలా రూటర్లలో ఆ వెబ్ పేజీ నడిచేదే రూట్ యూజర్‌గా, అంటే అన్ని అధికారాలతో, కాబట్టి ఇంక అడ్డేం ఉండదు. ఫలానా చోట ఉన్న ఫైల్ డౌన్‌లోడ్ చేసి రన్ చెయ్యి అని ఒక్క లైన్ చాలు, ఆ రోజు నుంచి రూటర్ వాడిది.

ఆ పేజీ తెరవాలన్నా పాస్‌వర్డ్ కావాలి కదా అంటారేమో. 2018లో దసాన్ అనే కంపెనీ ఫైబర్ రూటర్లలో బయటపడింది సరిగ్గా ఇదే, యూఆర్ఎల్ చివర ఒక ముక్క తగిలిస్తే లాగిన్ అడగకుండా పేజీ తెరుచుకునేది, లోపల పింగ్ బాక్సులో కమాండ్ ఇంజెక్షన్ ఉండేది, రెండూ కలిపి వాడేశారు. టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21 సంగతి ఇంకా ఘోరం. అందులో ఏ దేశమో సెట్ చేసే ఆప్షన్ ఉంటుంది, ఆ దేశం పేరు ఉండాల్సిన చోట కమాండ్ పంపితే లాగిన్ లేకుండానే నడిచేది. 2022 డిసెంబర్‌లో టొరంటోలో జరిగిన పోన్‌టుఓన్ హ్యాకింగ్ పోటీలో దాన్ని చేసి చూపించారు, 2023 మార్చిలో కంపెనీ అప్‌డేట్ ఇచ్చింది, ఏప్రిల్ కల్లా మిరాయ్ బాట్‌నెట్ (దొరికిన రూటర్లూ కెమెరాలూ గుంపుగా దాడులకి వాడుకునే వైరస్) వాళ్లు అదే కంతలోంచి దూరడం మొదలెట్టారు. పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలు పెట్టినా దీని ముందు లెక్కలోకి రాదు, చెరువు గేటుకి తాళమేసి తూము వదిలేసినట్టే.

ఇక బయటోడు లోపలికి రాలేడన్నది. ఇందులో కొంచెం నిజం ఉంది, చాలామంది ఆపరేటర్లు ఒకే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో బయటికి కనపడే అడ్రస్) వెనకాల బోలెడు ఇళ్లని పెడతారు కాబట్టి ఇంటర్నెట్‌లోంచి నేరుగా మీ రూటర్ కనపడకపోవచ్చు. కానీ రిమోట్ మేనేజ్‌మెంట్ (బయట నుంచి సెట్టింగ్స్ తెరిచే ఆప్షన్) ఆన్‌లో ఉండి పబ్లిక్ ఐపీ వస్తుంటే ఆ మాట అక్కడితో సరి. చెరువు కెమెరాలు ఫోన్‌లో చూసుకోడానికి పోర్టులు (బయట నుంచి లోపలికి వచ్చే తలుపుల్లాంటివి) తెరిచిన కనెక్షన్లు మన డెల్టాలో ఎన్నో నేనే చూస్తున్నా, ఆ పోర్టు తెరిచినప్పుడే పనిలో పనిగా రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆన్ చేసి వదిలేస్తారు. పైగా ఆపరేటర్ తన ఆఫీసు నుంచి మీ డబ్బాని సెట్ చేసుకోడానికి 7547 అనే పోర్టు వాడతాడు. 2016 నవంబర్‌లో ఐర్లాండ్‌లో ఈర్ అనే కంపెనీ ఇచ్చిన మోడెంలో ఆ పోర్టు ప్రపంచమంతటికీ తెరిచి ఉందని, టైం సర్వర్ పేరు రాసే చోట కమాండ్ ఇంజెక్షన్ ఉందని బయటపడింది, అదే నెలాఖరులో దాన్ని పట్టుకుని జరిగిన దాడిలో జర్మనీలో డాయిష్ టెలికాం కస్టమర్లు దాదాపు 9 లక్షల మందికి నెట్ పోయింది. చిత్రం ఏంటంటే ఆ జర్మనీ రూటర్లు లినక్స్‌వి కావు, వైరస్ ఎక్కలేదు, ఊరికే ఆ తాకిడికే పడిపోయాయి.

అసలు బయటికి ఏ పోర్టూ తెరవకపోయినా సరే, 2016 డిసెంబర్‌లో నెట్‌గేర్ ఆర్7000 లాంటి మోడళ్లలో దొరికిన లోపానికి ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు తమ బ్రౌజర్‌లో ఒక చెడ్డ పేజీ తెరిస్తే చాలు. ఆ పేజీ చెప్పినట్టు మీ బ్రౌజరే వెళ్లి రూటర్‌కి కమాండ్ అందిస్తుంది.

పల్లెటూరోళ్లని ఎవడు పట్టించుకుంటాడు అంటే, ఎవడూ మీ ఊరు పేరు చూసి రాడండి. పాత పద్ధతి (ఐపీవీ4) ఐపీ అడ్రసులు మొత్తం దాదాపు 430 కోట్లు, మంచి లైన్ ఉంటే ఒక్క కంప్యూటర్‌తో గంటలోపే అన్నీ తట్టి చూడొచ్చని 2013లోనే చేసి చూపించారు. రాజోలు లంకలో ఉన్నా న్యూయార్క్‌లో ఉన్నా ఆ స్కానర్‌కి ఒకటే. 2017 జూలైలో మన దేశంలోనే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని బీఎస్ఎన్ఎల్ మోడెంలు మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) దెబ్బకి మూలపడ్డాయి, కాబట్టి పాస్‌వర్డ్ మార్చడం కూడా అవసరమే, అదొక్కటే చాలదంటున్నా. రూటర్ దొరికితే వాడు మీ లైన్ మీద నుంచి వేరేవాళ్ల మీద దాడి చేస్తాడు, రేపు ఏదన్నా కేసైతే బయటపడే ఐపీ మీది.

ఆపి ఆన్ చేస్తే పోద్ది, ఎఫ్‌బీఐ కూడా అదే చెప్పింది అని ఆ మెసేజ్‌లో రాశారు. ఎఫ్‌బీఐ చెప్పింది నిజమే, 2018 మేలో, వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో 5 లక్షల డబ్బాలకి పట్టినప్పుడు. కానీ దాని మొదటి భాగం రీస్టార్ట్ చేసినా పోయేది కాదు. మిగతా భాగాలు చెరిగిపోయి, మొదటి భాగం వాటిని మళ్లీ తెచ్చుకోడానికి తన సర్వర్‌ని వెతుక్కుంటూ వెళ్లేది, ఆ సర్వర్ పేరు అప్పటికే ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది కాబట్టి ఎవరెవరికి పట్టిందో తెలిసేది, అందుకు చెప్పారు. మిరాయ్ లాంటివి మెమరీలోనే ఉంటాయి, రీస్టార్ట్‌కి పోతాయి, కంత అలాగే ఉంటే కాసేపట్లో మళ్లీ ఎక్కేస్తాయి.

చివరిది అప్‌డేట్ చేస్తే రూటర్ చచ్చిపోద్దన్నది, నాకు బాగా బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే కమాండ్ ఇంజెక్షన్‌కి ఉన్న అసలు మందే అది. ప్రోగ్రాంలో తప్పుని ప్రోగ్రాం మార్చే సరిచెయ్యాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే రూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది, కాదనను, గాలివానకి కోనసీమలో కరెంటు ఎలా పోతుందో నాకు చెప్పక్కర్లేదు. అందుకని ఇన్వర్టర్ మీద పెట్టి, వైఫై మీద కాకుండా లాన్ కేబుల్ పెట్టి, డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉన్న మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్ రెండూ సరిచూసుకుని కంపెనీ సైట్ నుంచే ఫైల్ తీసుకుని చెయ్యండి. కొన్నిటికి అప్‌డేటే రాదు, జైక్సెల్ 2025 ఫిబ్రవరిలో కొన్ని పాత మోడెంల కమాండ్ ఇంజెక్షన్‌కి ప్యాచ్ (తప్పు సరిచేసే అప్‌డేట్) ఇవ్వం, మార్చుకోండి అని చెప్పేసింది. అలాంటివి తీసెయ్యడమే, తీసి మకాంలో కెమెరాలకి పెట్టేస్తాం అంటారు కొందరు, అదీ వద్దు.

డబ్బా ఆపరేటర్ ఇచ్చింది అయితే ఫర్మ్‌వేర్ చాలాసార్లు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఫోన్ చేసి మూడు అడగండి: నా మోడల్‌కి ఆఖరి వెర్షన్ ఏది, అది నాకు ఎక్కించారా, 7547 మీ సర్వర్‌కి తప్ప ఇంకెవరికీ తెరిచి లేదు కదా.